కర్నూలు నుంచి దిబ్రూగఢ్‌కు: దూరం లెక్క వేరు, చేరే సమయం లెక్క వేరు

గద్వాల దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. వారి అమ్మాయికి అఖిల భారత కోటాలో అస్సాంలోని దిబ్రూగఢ్ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. తమకు శంషాబాద్ కన్నా కర్నూలు విమానాశ్రయమే దగ్గర కాబట్టి, అక్కడి నుంచి దిబ్రూగఢ్ ఎంత దూరమో, విమానంలో ఎంతసేపు పడుతుందో తెలుసుకుందామని వెతికితే, ఒక వెబ్‌సైట్ 2,175 కిలోమీటర్లు, 3 గంటల 12 నిమిషాలు అని చూపించిందట. టికెట్ల యాప్ తెరిస్తే మాత్రం హైదరాబాద్ నుంచే ఒక టికెట్‌కు ఏడు గంటలు, మరొక దానికి పదకొండు గంటలు, ఇంకొక దానికి మరుసటి రోజు చేరేట్టు వస్తోందట. వీటిలో దేన్ని నమ్మాలి, పిల్లను దించి రావడానికి ఎక్కడి నుంచి ఎలా వెళ్లాలి అన్నది వారి సందేహం.

నేను చాలా ఏళ్లు విమానయాన రంగంలో ఫ్లైట్ డిస్పాచ్ పని చేశాను. విమానం బయలుదేరే ముందు అది ఏ దారిన పోవాలో, ఎంత ఇంధనం నింపాలో, ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్క కట్టి పైలట్ చేతికి ఇచ్చే పని అది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో స్థిరపడ్డాను. మన పాలమూరు, నల్లగొండ పిల్లలు చదువుల కోసం దూరపు రాష్ట్రాలకు వెళ్లడం పెరిగిన కొద్దీ ఇలాంటి ప్రశ్నలు నా దగ్గరకు తరచుగా వస్తున్నాయి కాబట్టి, కాస్త వివరంగానే రాస్తున్నాను. ముందుగా సూటి సమాధానం చెబుతాను. వెబ్‌సైట్ చెప్పిన దూరం సరైనదే. అది చెప్పిన సమయం కూడా ఆ దూరానికి తగినదే. కానీ ఆ రెండు ఊళ్ల మధ్య నేరుగా ఎగిరే విమానం లేనప్పుడు ఆ సమయంతో మీకు పనిలేదు. మీరు కర్నూలును వదిలేసి, శంషాబాద్ నుంచి కోల్‌కతా మీదుగా గానీ గువాహటి మీదుగా గానీ, మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ తీసుకుని, పొద్దున్నే బయలుదేరే విమానం ఎంచుకోండి. ఇంటి గడప దాటింది మొదలు హాస్టల్ గేటు చేరేదాకా దాదాపు పన్నెండు గంటలు పడుతుందని అనుకుని సిద్ధపడండి.

ఇక ఆ 2,175 కిలోమీటర్లు ఎలా వచ్చాయో చూద్దాం. ఓర్వకల్లు దగ్గర ఉన్న కర్నూలు విమానాశ్రయం సుమారుగా 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. దిబ్రూగఢ్ విమానాశ్రయం ఉన్న మోహన్‌బాడి 27.5 డిగ్రీల అక్షాంశం, 95 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. అంటే ఉత్తరానికి 11.8 డిగ్రీలు, తూర్పుకు 16.8 డిగ్రీలు జరగాలి. ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లే. రేఖాంశాల మధ్య దూరం మాత్రం భూమధ్యరేఖ నుంచి ధ్రువం వైపు పోయే కొద్దీ తగ్గుతుంది. ఈ రెండు ఊళ్ల నడిమి అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశానికి 103 కిలోమీటర్లు వస్తాయి. ఆ లెక్కన ఉత్తరానికి 1,310, తూర్పుకు 1,730 కిలోమీటర్లు. పదో తరగతిలో చదువుకున్న పైథాగరస్ సూత్రం ప్రకారం ఈ రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 2,170 వస్తుంది. గోళం మీద చేసే అసలు లెక్కకూ దీనికీ తేడా ఐదారు కిలోమీటర్లే. ఎవరైనా ఫోనులోని కాలిక్యులేటర్‌తో చేసుకోగలిగిన లెక్క ఇది. అమెరికా లాంటి దూరాలకు ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ భూమి వంపు లెక్కను బాగా మార్చేస్తుంది. మన దేశం లోపలి దూరాలకు మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఆ 3 గంటల 12 నిమిషాల సంగతి మరీ సులువు. ఇలాంటి వెబ్‌సైట్లలో చాలావరకు దూరాన్ని గంటకు 500 మైళ్లు, అంటే సుమారు 805 కిలోమీటర్ల వేగంతో భాగించి, పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ కలిపి ఒక అరగంట చేరుస్తాయి. 2,175 కిలోమీటర్లకు 2 గంటల 42 నిమిషాలు, దానికి అరగంట కలిపితే 3 గంటల 12 నిమిషాలు. ఆ రెండు ఊళ్ల మధ్య విమానం నడుస్తోందా లేదా, నడిస్తే ఏ రకం విమానం, గాలి ఎటు వీస్తోంది అన్నవి ఆ లెక్కలోకి రావు. అయినా ఈ పద్ధతిని నేను తీసిపారేయను. నేరుగా విమానం ఉన్న చోట ఇది నమ్మదగిన అంచనాయే ఇస్తుంది. హైదరాబాద్ నుంచి గువాహటికి 1,680 కిలోమీటర్లు. ఇదే పద్ధతిలో 2 గంటల 35 నిమిషాలు వస్తుంది, టైమ్‌టేబుల్‌లో ఉండేది కూడా అటూ ఇటూగా అంతే. హైదరాబాద్ నుంచి కోల్‌కతాకు 1,200 కిలోమీటర్లు దాటుతుంది, లెక్క 2 గంటలు చూపిస్తుంది, టికెట్ మీద దానికి ఐదు పది నిమిషాలు ఎక్కువ ఉంటుంది.

ఆ ఐదు పది నిమిషాలు ఎక్కడివో చెప్పాలంటే, టికెట్ మీద అచ్చయ్యే సమయం దేన్ని సూచిస్తుందో తెలియాలి. అది విమానం గాలిలో ఉండే సమయం కాదు. చక్రాలకు అడ్డుగా పెట్టిన దిమ్మెలను తీసి విమానం కదిలినప్పటి నుంచి, చేరిన చోట మళ్లీ దిమ్మెలు పెట్టేవరకు పట్టే సమయం. దీన్ని మా రంగంలో బ్లాక్ టైమ్ అంటారు. రద్దీ వేళ రన్‌వే ఖాళీ అయ్యేదాకా వరుసలో నిలబడడం, దిగాల్సిన చోట ముందున్న విమానాల కోసం గాలిలో చుట్లు తిరగడం, దిగాక విమానం నేల మీద గేటు దాకా పోవడం అన్నీ అందులో భాగమే. దీనికి తోడు, ఆలస్యం పేరు రాకుండా విమాన సంస్థలు కొన్ని నిమిషాలు ముందుగానే కలిపి పెట్టుకుంటాయి. టైమ్‌టేబుల్ కన్నా పావుగంట ముందే దిగామని ప్రయాణికులు సంబరపడేది ఈ అదనపు నిమిషాల వల్లనే.

మేము పైలట్‌కు ఇచ్చే ప్రణాళిక పత్రంలో ఈ సమయం వరుస వరుసగా విడిపోయి కనబడుతుంది. ఆకాశంలో గుర్తుపెట్టిన ఒక్కో బిందువుకు ఒక్కో వరుస ఉంటుంది. ఆ బిందువు పేరు, అక్కడికి ఎంత దూరం, ఏ దిశ, ఎంత ఎత్తు, అక్కడి గాలి దిశ, గాలి వేగం, నేల మీద లెక్కకు వచ్చే వేగం, చేరడానికి పట్టే నిమిషాలు, అప్పటికి ట్యాంకుల్లో మిగలాల్సిన ఇంధనం ఒక దాని పక్కన ఒకటి ఉంటాయి. పైలట్ ఒక్కో బిందువు దాటగానే తన గడియారం చూసి, ఇంధనం మీటరు చూసి, ఆ వరుసలో అంకెలు సరిచూసుకుంటాడు. విమానం 35,000 అడుగుల ఎత్తుకు చేరడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. అక్కడి నుంచి దిగడం, చేరాల్సిన ఊరికి రెండు వందల కిలోమీటర్ల ముందే మొదలవుతుంది. అంటే దిబ్రూగఢ్ వెళ్లే విమానం దాదాపు కజిరంగా అడవుల పరిసరాలకు వచ్చేసరికే కిందికి వంగుతుంది. పూర్తి వేగంతో సాగేది ఈ రెండింటి నడుమ మాత్రమే కాబట్టి, ప్రయాణం ఎంత చిన్నదైతే సగటు వేగం అంత తగ్గుతుంది. గువాహటి నుంచి దిబ్రూగఢ్‌కు ఆకాశ దూరం 375 కిలోమీటర్లే అయినా టికెట్ మీద గంటకు పైగా ఉండడానికి కారణం ఇదే.

మరి కర్నూలు నుంచి నేరుగా ఎందుకు లేదు? ఇది ఒక్క కర్నూలు సంగతే కాదు. దేశంలో ఒక మూల ఉన్న చిన్న విమానాశ్రయం నుంచి మరొక మూల ఉన్న చిన్న విమానాశ్రయానికి నేరుగా విమానం ఉండదు, సమీప భవిష్యత్తులో ఉంటుందని కూడా నేను అనుకోను. చిన్న ఊళ్లకు విమానాలు తెచ్చిన ఉడాన్ పథకం 2016లో ప్రకటించినప్పుడే గంట ప్రయాణం, దాదాపు ఐదు వందల కిలోమీటర్ల దూరం అన్న కొలతతో, అందులో కొన్ని సీట్లకు 2,500 రూపాయల పరిమితితో రూపొందింది. దాని ఉద్దేశం చిన్న ఊరిని దగ్గరి పెద్ద ఊరికి కలపడమే. 2017 ఏప్రిల్‌లో మొదలైన తొలి మార్గాలలో కడప–హైదరాబాద్ ఉండడం ఇందుకు మంచి ఉదాహరణ. కర్నూలులోనూ 2021 మార్చి 28న విమానాలు మొదలైనప్పుడు బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకే నడిచాయి. ఇలాంటి మార్గాల్లో తిరిగేది ప్రధానంగా ఏటీఆర్-72 రకం. డెబ్బైకి పైగా సీట్లున్న ఈ పంకాల విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది, ప్రయాణికులతో నిండినప్పుడు 2,000 కిలోమీటర్లు ఒక్క దూకుడులో పోగలిగేది కాదు. పెద్ద జెట్ విమానాన్ని నిండు బరువుతో, దూర ప్రయాణానికి సరిపడే ఇంధనంతో లేపాలంటే పొడవైన రన్‌వే కావాలి. శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు, ఓర్వకల్లులో దాని సగం కూడా లేదు. ఇవన్నీ సమకూరినా, ఆ జెట్ విమానం నిండాలంటే రోజూ నూట ఎనభై మంది కర్నూలు నుంచి దిబ్రూగఢ్‌కే పోవాలి కదా. మన దేవరకద్ర దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఎన్నాళ్లుగానో వింటున్నాం. అది వస్తే నాకూ సంతోషమే, కానీ అది వచ్చినా దిబ్రూగఢ్ లాంటి చోటికి పోయేవారు పెద్ద విమానాశ్రయంలో విమానం మారక తప్పదు.

మారక తప్పనప్పుడు ఎక్కడ మారాలి అన్నదే అసలు ప్రశ్న, టికెట్ కొనేవారిలో ఎక్కువమంది పట్టించుకోనిది కూడా ఇదే. శంషాబాద్ నుంచి దిబ్రూగఢ్‌కు సరళరేఖ దూరం సుమారు 2,050 కిలోమీటర్లు. ఇప్పుడు పటం ముందు పెట్టుకుని చూడండి. శంషాబాద్–కోల్‌కతా 1,207, కోల్‌కతా–దిబ్రూగఢ్ 852, మొత్తం 2,059. అంటే కోల్‌కతాలో దిగి ఎక్కినందువల్ల దూరం పెరిగేది పది పన్నెండు కిలోమీటర్లే. గువాహటి అయితే ఇంకా నయం, అది దాదాపు ఆ గీత మీదే ఉంది, అక్కడ మారితే అదనపు దూరం లెక్కలోకి రానంత తక్కువ. ఇక ఢిల్లీ మీదుగా పోతే ముందు ఉత్తరానికి 1,265, ఆపైన తూర్పుకు 1,760, మొత్తం మూడు వేల కిలోమీటర్లు దాటుతుంది. ఊరికే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ తిరిగినట్టు. యాప్‌లో ధర ప్రకారం వరుస పెడితే ఢిల్లీ టికెట్ ఒక్కోసారి ఐదారు వందలు తక్కువకు పైకి వస్తుంది. పైగా ఢిల్లీలో ఒక టెర్మినల్‌లో దిగి మరొక టెర్మినల్‌కు బస్సులో పోవాల్సి రావచ్చు. కోల్‌కతాలో దేశీయ విమానాలన్నీ ఒకే భవనం నుంచి నడుస్తాయి. తొలిసారి విమానం ఎక్కే తల్లిదండ్రులకు ఆ ఐదారు వందల కన్నా ఈ సౌలభ్యం విలువైనదని నా గట్టి అభిప్రాయం.

కర్నూలు నుంచే పోవాలని పట్టుబడితే ఏమవుతుందో కూడా చెబుతాను. కర్నూలు–బెంగళూరు 283 కిలోమీటర్లు, అదీ దక్షిణానికి, అంటే మీరు పోవాల్సిన దిక్కుకు వెనక్కి. అక్కడి నుంచి కోల్‌కతా 1,547, ఆపైన దిబ్రూగఢ్ 852. మొత్తం దాదాపు 2,680, అంటే సరళరేఖ కన్నా ఐదు వందల కిలోమీటర్లు ఎక్కువ. ఒకదాని బదులు రెండు చోట్ల మారాలి. చిన్న విమానాశ్రయానికి రోజుకు ఒకటో రెండో విమానాలు వస్తాయి, వారంలో కొన్ని రోజులు అవీ ఉండవు. ఒకటి రద్దయితే అదే రోజు ఇంకొకటి దొరకదు. గద్వాల నుంచి ఓర్వకల్లుకు సుమారు 80 కిలోమీటర్లు, శంషాబాద్‌కు 165–170 కిలోమీటర్లు. ఆ తొంభై కిలోమీటర్లు ఆదా చేసుకోబోయి రోజంతా పోగొట్టుకోవద్దు.

గాలి సంగతి కూడా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే పోయే విమానానికీ తిరిగి వచ్చే విమానానికీ సమయం ఎందుకు తేడాగా ఉందని చాలామంది అడుగుతారు. విమానం వేగాన్ని గాలితో పోల్చి చెబుతాం, నేల మీద అది ఎంత దూరం పోయిందన్నది గాలి కూడా ఎటు కదులుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. చలికాలంలో హిమాలయాలకు దక్షిణంగా, ఇంచుమించు విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమటి నుంచి తూర్పుకు బలమైన జెట్ ప్రవాహం వీస్తుంది. అది గంటకు 150 నుంచి 200 కిలోమీటర్ల వేగం అందుకోవడం అరుదేమీ కాదు. సొంతంగా గంటకు 830 కిలోమీటర్లు పోయే విమానానికి కోల్‌కతా దాటాక వెనుక నుంచి 120 కిలోమీటర్ల గాలి తోడైతే, దిబ్రూగఢ్ దాకా ఉన్న 850 కిలోమీటర్లకు 54 నిమిషాలు సరిపోతుంది. అదే గాలికి ఎదురుగా తిరిగి రావాలంటే 72 నిమిషాలు కావాలి. ఒక్క ఆ ముక్కలోనే పద్దెనిమిది నిమిషాల తేడా. వానాకాలం వచ్చేసరికి ఆ పడమటి ప్రవాహం హిమాలయాల అవతలికి జరిగిపోతుంది. దక్షిణాది మీద, ఇంకా పై ఎత్తులో, తూర్పు నుంచి పడమరకు వేరొక ప్రవాహం మొదలవుతుంది. ఆ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1958లో లోకానికి వివరించినవారు మన తెలుగు శాస్త్రవేత్త, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన పంచెటి కోటేశ్వరం గారు. నైరుతి రుతుపవనాల గురించి ఈనాడు తెలిసిన దానిలో ఆ పరిశోధనది పెద్ద వాటా. ఈ సంగతి మన బడి పిల్లలకు ఇప్పటికీ సరిగా చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ ప్రవాహం ప్రధాన భాగం విమానాల దారి కన్నా పైనే ఉంటుంది కానీ, దాని కింది అంచు వల్ల జూన్ నుంచి సెప్టెంబరు వరకు హైదరాబాద్ నుంచి తూర్పుకు పోయే విమానాలకు ఎంతో కొంత ఎదురుగాలి తగులుతుంది.

దారి విషయంలో ఇంకొక్క మాట. హైదరాబాద్ నుంచి దిబ్రూగఢ్‌కు గీసిన సరళరేఖ ఒడిశా, పశ్చిమ బెంగాల్ దాటి, బంగ్లాదేశ్ మీదుగా మేఘాలయకు చేరుతుంది. కోల్‌కతా నుంచి ఈశాన్యానికి పోయే మన విమానాలు మామూలుగా బంగ్లాదేశ్ గగనతలం మీదుగానే పోతాయి, అందుకు ఆ దేశానికి రుసుము కడతాయి. మీ విమానం కిటికీలోంచి కింద పెద్ద పెద్ద నదులు అల్లుకుపోయి కనిపిస్తే అది బంగ్లాదేశే. దీనికి ప్రయాణికుల వైపు నుంచి పాస్‌పోర్టు గానీ వీసా గానీ అవసరం లేదు, అది దేశీయ ప్రయాణమే.

ఇప్పుడు టికెట్ దగ్గరకు వద్దాం. హైదరాబాద్ నుంచి కోల్‌కతాకు ఒకటి, కోల్‌కతా నుంచి దిబ్రూగఢ్‌కు ఒకటి, విడివిడిగా కొంటే కొన్నిసార్లు చవక అవుతుంది. అలా కొనకండి. ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్‌తో ఉన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత విమాన సంస్థ మీద ఉంటుంది, మీ సామాను కూడా శంషాబాద్‌లో ఇస్తే నేరుగా దిబ్రూగఢ్‌లోనే చేతికి వస్తుంది. విడి టికెట్లయితే కోల్‌కతాలో సామాను తీసుకుని బయటికి వచ్చి, మళ్లీ చెక్-ఇన్ వరుసలో నిలబడాలి. కౌంటర్లు విమానం బయలుదేరడానికి గంట ముందే మూసేస్తారు. అప్పటికి అందుకోలేకపోతే రెండో టికెట్ డబ్బు పోయినట్టే. ఒకే టికెట్ అయినా రెండు విమానాల మధ్య కనీసం రెండు గంటలు ఉండేట్టు చూసుకోండి. గంటన్నర లోపు ఉన్నవి యాప్‌లో ఆకర్షణీయంగా కనిపిస్తాయి, అలవాటైన ప్రయాణికులకు అవి పనికివస్తాయి కూడా. ఊరు కాని ఊరిలో, చేతిలో బరువులతో, భాష రాని చోట మీకు మాత్రం అవి వద్దు.

బ్లాక్ టైమ్ గురించి పైన చెప్పింది ఇక్కడ మీకు నేరుగా ఉపయోగపడుతుంది. పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల ప్రకారం, తగిన సమయం ముందు చెప్పకుండా విమానం రద్దు చేస్తేనో, ఒకే టికెట్ మీద ఉన్న రెండో విమానం తప్పిపోతేనో ఇవ్వాల్సిన పరిహారం ఆ బ్లాక్ టైమ్‌ను బట్టే నిర్ణయమవుతుంది. గంట వరకు ఉన్న ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటల వరకు 7,500, రెండు గంటలు దాటితే 10,000 రూపాయలు. టికెట్ మూల ధర, ఇంధన రుసుము కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. తుఫాను, పొగమంచు వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు ఇది వర్తించదు. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే రెండు గంటల ఆలస్యానికి, అంతకు మించి ఐదు గంటల వరకు అయితే మూడు గంటల ఆలస్యానికి తిండి, పానీయాలు ఉచితంగా ఇవ్వాలి. కౌంటర్ దగ్గర అడిగేవారికే ఇవి అందడం నేను చూశాను, కాబట్టి మర్యాదగానే, కానీ గట్టిగా అడగండి.

చేరే వేళ గురించి ఇంతే శ్రద్ధ పెట్టాలి. దేశమంతా గడియారం ఒకటే అయినా సూర్యుడు ఒకేసారి అస్తమించడు. దిబ్రూగఢ్ మన మహబూబ్‌నగర్ కన్నా పదిహేడు డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడి పొద్దు మన కన్నా గంటకు పైగా ముందు. అక్టోబరు మొదట్లో సాయంత్రం ఐదుకు, డిసెంబరులో నాలుగుంపావు ప్రాంతానికే అక్కడ పొద్దు గూకుతుంది. డిసెంబరులో మనకు ఇక్కడ ఐదు నలభై దాకా వెలుతురు ఉంటుంది. అస్సాం తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందుకు పెట్టుకుని పనిచేసే అలవాటు ఇందుకే వచ్చింది. యాప్‌లో సాయంత్రం ఐదున్నరకు చేరుతుందని చూసి, ఇంకా వెలుగుంటుంది కదా అనుకుని బయలుదేరితే, మీరు దిగేసరికి బయట చీకటి. మోహన్‌బాడి నుంచి ఊరు పదిహేను కిలోమీటర్లు. ఆడపిల్లతో, నాలుగు సంచులతో, తొలిసారి ఆ ఊళ్లో అడుగు పెడుతున్నారు కాబట్టి మధ్యాహ్నం రెండింటికల్లా దిగే విమానమే చూడండి. డిసెంబరు, జనవరి నెలల్లో అయితే మరొక జాగ్రత్త కావాలి. తూర్పు భారతంలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంటుంది, కోల్‌కతా, గువాహటిలలో ఉదయం విమానాలు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. ఆ నెలల్లో రెండు విమానాల మధ్య రెండు గంటలు కాదు, మూడు గంటలు ఉంచుకోవాలి.

ఇక నేల మీది లెక్క. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా, రాయికల్ టోల్‌గేటు దాటి శంషాబాద్ చేరడానికి కారులో మూడు గంటలు పడుతుంది. మహబూబ్‌నగర్ నుంచి ఇదే దారిలో 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నాగర్‌కర్నూల్, కల్వకుర్తి వైపు వారికి శ్రీశైలం రోడ్డులో తుక్కుగూడ మీదుగా దగ్గర. దేవరకొండ వారు సాగర్ రోడ్డులో బొంగుళూరు దగ్గర, నల్లగొండ వారు విజయవాడ రహదారిలో పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరంలోకి పోకుండానే విమానాశ్రయం చేరుకోవచ్చు. గద్వాల నుంచి మూడు గంటలు, విమానానికి రెండు గంటల ముందు, కోల్‌కతాకు రెండు గంటల పది నిమిషాలు, అక్కడ రెండున్నర గంటలు, దిబ్రూగఢ్‌కు గంటా ముప్పై ఐదు నిమిషాలు, దిగి సామాను తీసుకుని కళాశాల చేరడానికి గంట. కూడితే పన్నెండు గంటల పావు. అందులో విమానంలో కూర్చునేది నాలుగు గంటల లోపే. ఉదయం ఆరింటి విమానానికి గద్వాలలో రాత్రి ఒంటిగంటకు బయలుదేరాలి, అలాంటప్పుడు ముందు రోజే వచ్చి శంషాబాద్‌లో బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో పడుకోవడం మేలు. రాత్రంతా కారు నడిపించి పిల్లను విమానం ఎక్కించడం నాకు ఇష్టం లేని పని.

రైలు గురించి కూడా అడగబోతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్‌కు పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్, నాలుగు వేల కిలోమీటర్లు దాటిన ప్రయాణం, మన పక్కన విజయవాడలో ఆగుతుంది. అక్కడి నుంచి దిబ్రూగఢ్‌కు రెండు రోజులకు పైగా పడుతుంది. పుస్తకాలు, పరుపు, వంట సామాను ఎక్కువగా ఉండి, విమానంలో ఒక్కొక్కరికి ఇచ్చే పదిహేను కిలోలు చాలనప్పుడు ఇంట్లో ఒకరు సామానుతో రైల్లో ముందుగా వెళ్లడం ఆలోచించదగినదే.

తిరుగు ప్రయాణానికి పొద్దు సమస్య లేదు, శంషాబాద్ ఏ వేళైనా మెలకువగా ఉండే చోటే. దిబ్రూగఢ్ నుంచి మధ్యాహ్నపు విమానాలే ఎక్కువ కాబట్టి మీరు రాత్రికి శంషాబాద్‌లో దిగుతారు. గాలి ఎదురుగా ఉండే నెలల్లో ఆ విమానాలు టైమ్‌టేబుల్ కన్నా కాస్త ఆలస్యంగా చేరడం మామూలే. అందువల్ల గద్వాల వైపు ఆఖరి బస్సును నమ్ముకోకుండా, రమ్మని చెప్పిన కారు డ్రైవరుకు మీ రెండో విమానం నంబరు ఇచ్చి, అది కోల్‌కతాలో నిజంగా లేచాకనే ఊరి నుంచి బయలుదేరమని చెప్పండి. కోల్‌కతా నుంచి శంషాబాద్‌కు రెండు గంటల పైమాట, దిగాక సామాను తీసుకుని బయటికి రావడానికి మరో అరగంట, ఆ సమయంలో అతను షాద్‌నగర్ దాటేసి ఉంటాడు.